దూరం వేరు, ప్రయాణ కాలం వేరు
తగరపువలస నుంచి జిద్దాకు ఒక లెక్కల పాఠం



మన సొసైటీ సావనీరుకు ప్రతి ఏడూ చదువు గురించి ఏదో ఒకటి రాసివ్వడం మాకు అలవాటు. ఈసారి పిల్లల మార్కుల గురించి కాదు, మేమే తప్పుచేసిన ఒక లెక్క గురించి రాస్తున్నాం. ముప్పై ఏళ్లుగా బోర్డు మీద దూరం, వేగం, కాలం రాసి పిల్లలకు నేర్పుతున్నవాళ్లం. మొన్నటి చలికాలంలో ఆ లెక్కే మా చేత తప్పింది. దాని ఖరీదు ఒక కొడుకు కట్టాడు.

మా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు జిద్దాలో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాడు. ఒకరోజు ఫజర్ వేళకు ఇక్కడ వాళ్ల నాన్నగారు కాలం చేశారు. కబురు వెళ్లింది. కాసేపటికి కుర్రాడు ఫోన్ చేసి, "పన్నెండింటికి ఫ్లైట్ దొరికింది, వచ్చేస్తున్నా" అని చెప్పి పెట్టేశాడు. వాళ్ల చాచా మా ఇంటికి వచ్చారు. "మాస్టారూ, లెక్కలు చెప్పేవారు మీరు. మా బాబు ఎన్నింటికి ఇంటికి చేరతాడో చెప్పండి. దాన్నిబట్టి జనాజా వేళ పెట్టుకుంటాం" అన్నారు.

మేము ఫోన్ తీసి చూశాం. విశాఖపట్నం నుంచి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,620 కి.మీ. విమానం గంటకు 850 కి.మీ. పోతుంది. భాగిస్తే ఐదున్నర గంటల లోపు. పన్నెండుకు ఐదున్నర కలిపి, "మగ్రిబ్ వేళకు వచ్చేస్తాడు" అని ధీమాగా చెప్పాం. మగ్రిబ్ తరవాత జనాజా అని మసీదు మైకులో చెప్పించారు.

మగ్రిబ్ అయింది. కుర్రాడు రాలేదు, ఫోన్ కలవలేదు. ఇషా దాకా ఆగుదామన్నారు. రాత్రి ఏడున్నర దాటాక ఫోన్ వచ్చింది. అప్పుడే హైదరాబాదులో దిగాడట. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుందన్నాడు. మయ్యిత్‌ను ఎక్కువసేపు ఉంచకూడదన్నది మన పద్ధతి కదా, పెద్దలు ఆలోచించి ఇషా తరవాత నమాజ్ చదివించి ఖననం చేశారు. కుర్రాడు రాత్రి పన్నెండున్నరకు వచ్చాడు. బ్యాగు ఇంట్లో పెట్టకుండానే టార్చిలైటు పట్టుకుని ఖబ్రస్తాన్‌కు వెళ్లి దువా చేసుకుని వచ్చాడు. మర్నాడు మా దగ్గరకు వచ్చి, కోపంగా కాదు, తెలుసుకోవడానికే అడిగినట్టు అడిగాడు. "మాస్టారూ, మగ్రిబ్‌కి వస్తానని మీరు ఏ లెక్కన చెప్పారు?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

మొదటి మెట్టు: దూరం

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. దాన్ని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కి.మీ. వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా పోతే ఎక్కడైనా ఇదే లెక్క. తూర్పు పడమరలుగా పోతే మాత్రం భూమధ్యరేఖ దగ్గరే 111. పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. మనకూ జిద్దాకూ మధ్య ఉన్న అక్షాంశాల్లో ఒక డిగ్రీకి సుమారు 105 కి.మీ. వేసుకోవచ్చు.

హైదరాబాదు విమానాశ్రయం 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, జిద్దా విమానాశ్రయం 39.1 డిగ్రీల మీద ఉన్నాయి. తేడా 39.3. అక్షాంశాల్లో తేడా 4.4. పదో తరగతి పిల్లలు ఇలా చేస్తారు:

తూర్పు పడమరలు: 39.3 × 105 = సుమారు 4,127 కి.మీ.
ఉత్తర దక్షిణాలు: 4.4 × 111 = సుమారు 488 కి.మీ.
పైథాగరస్ సిద్ధాంతంతో కర్ణం: సుమారు 4,155 కి.మీ.

భూమిని గోళంగా తీసుకుని త్రికోణమితితో కడితే వచ్చేది సుమారు 4,135 కి.మీ. తేడా ఇరవై కి.మీ. విమానానికి అది ఒకటిన్నర నిమిషం. పలక మీద కట్టిన లెక్కకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ విద్య నిన్న మొన్నటిది కాదని పిల్లలకు తప్పక చెబుతాం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫా అల్-మామూన్ పంపిన పండితులు సింజార్ మైదానంలో ఉత్తర దక్షిణాలుగా నడిచి, ఆకాశంలో ధ్రువం ఎత్తు ఒక డిగ్రీ మారేదాకా ఎంత దూరం వస్తుందో నేల మీద కొలిచారు. పదకొండో శతాబ్దంలో అల్-బిరూనీ నేటి పాకిస్తాన్ పంజాబులో ఉన్న నందనా కోట దగ్గర, ఒక కొండ ఎత్తు కొలిచి, ఆ కొండ మీద నుంచి దిగంతం ఎంత కిందికి వంగి కనిపిస్తుందో చూసి, ఆ రెండింటితో భూమి వ్యాసార్ధం లెక్క కట్టాడు. ఊళ్ల మధ్య దూరాలు, అక్షాంశాలు, రేఖాంశాలు కట్టే పద్ధతుల మీద 1025లో ఒక గ్రంథం పూర్తి చేశాడు. గజ్నీ పట్టణానికి ఖిబ్లా దిశ ఎటో తేల్చడం అందులో ఆయన పెట్టుకున్న పనుల్లో ఒకటి.

అక్కడే మనకూ ఒక పాఠం ఉంది. గోడకు వేలాడే ప్రపంచ పటం మీద విశాఖ నుంచి మక్కాకు స్కేలుతో గీత గీస్తే అది పడమర నుంచి ఉత్తరానికి ఐదు డిగ్రీలే వంగుతుంది. గ్లోబు మీద దారం బిగించి చూస్తే, మన దగ్గర బయలుదేరేటప్పుడు అది సుమారు పన్నెండు డిగ్రీలు ఉత్తరానికి తిరిగి ఉంటుంది. గోళం మీద అన్నిటికంటే దగ్గర దారి ఆ దారానిదే. విమానాలు చూసుకునేదీ, ఖిబ్లా గణితం చూసేదీ ఆ దారినే. బల్లపరుపు పటం మోసం చేస్తుందని కాదు. గుండ్రటి భూమిని కాగితం మీద పరిస్తే ఏదో ఒకటి సాగక తప్పదు.

రెండో మెట్టు: వేగం, గాలి

4,135 కి.మీ.ని 850తో భాగిస్తే నాలుగు గంటల యాభై నిమిషాలు వస్తుంది. టికెట్టు మీద మాత్రం ఐదున్నర, ఐదు ముప్పావు గంటలు కనిపిస్తుంది. ఎందుకని?

ఒకటి, విమానం తలుపు మూసిన దగ్గర నుంచి మళ్లీ తీసేదాకా ఉన్న కాలమంతా టికెట్టులో కలుస్తుంది. రన్‌వే దాకా దొర్లడం, పైకి ఎక్కడం, దిగడం నెమ్మదిగా జరిగే పనులు. రెండు, ఆకాశంలోనూ నిర్ణయించిన దారులున్నాయి. దారం బిగించినట్టు ఎవరూ పోనివ్వరు. మూడు, గాలి.

చలికాలంలో ఉత్తర భారతం, అరేబియాల మీద పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. మనం పడమరకు పోతుంటే ఎదురుగాలి, తిరిగి వస్తుంటే తోడుగాలి. దారి పొడుగునా సగటున గంటకు 70 కి.మీ. గాలి అనుకుందాం. పోయేటప్పుడు వేగం 780, వచ్చేటప్పుడు 920. మొదటిదానికి ఐదు గంటల పద్దెనిమిది నిమిషాలు, రెండోదానికి నాలుగున్నర గంటలు. ఒకే దారికి ముప్పావు గంటకు పైగా తేడా. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద ఇంకా ఎత్తున గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దాన్ని 1958లో వివరించిన పి. కోటేశ్వరం తరవాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు.

ఉమ్రాకు, హజ్‌కు వెళ్లే పెద్దలకు ఈ మెట్టులో ఒక ఉపయోగం ఉంది. గంటకు 850 కి.మీ. అంటే నిమిషానికి 14 కి.మీ. పైనే. మీకాత్ వస్తోందని విమానంలో చెప్పాక బట్టలు వెతుక్కుంటూ పది నిమిషాలు గడిపితే 140 కి.మీ. దాటిపోతాం. అందుకే ఇహ్రామ్ ముందే కట్టుకుని సిద్ధంగా ఉండండని మన ఉలమాలు చెప్పేది. మసాయిల్ వారినే అడగండి. మేము చెప్పేది నిమిషాల లెక్క మాత్రమే.

మూడో మెట్టు: గడియారం

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషాలు. భారతదేశం కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. సౌదీ కాలం 45 డిగ్రీల రేఖాంశానిది. తేడా 37.5 డిగ్రీలు. 15తో భాగిస్తే సరిగ్గా రెండున్నర గంటలు. మనకు మధ్యాహ్నం రెండున్నర అయితే జిద్దాలో పన్నెండు. కువైట్, ఖతర్, బహ్రెయిన్‌లకూ ఇదే లెక్క. దుబాయి ఉన్న ఎమిరేట్స్, ఒమన్‌ల కాలం 60 డిగ్రీలది కాబట్టి తేడా గంటన్నరే.

టికెట్టు మీద బయలుదేరే వేళ ఆ ఊరి గడియారంలో, దిగే వేళ దిగే ఊరి గడియారంలో ఉంటుంది. రెండిటినీ నేరుగా తీసేయకూడదు. ఉదాహరణకు, హైదరాబాదులో ఉదయం 10.00కు ఎక్కి జిద్దాలో మధ్యాహ్నం 1.15కు దిగారు. చూడటానికి మూడుంపావు గంటలు. రెండున్నర కలిపితే ఐదు ముప్పావు గంటలు. తిరుగు ప్రయాణంలో జిద్దాలో 12.00కు ఎక్కి హైదరాబాదులో రాత్రి 7.30కు దిగారు. చూడటానికి ఏడున్నర గంటలు. రెండున్నర తీసేస్తే ఐదు గంటలు.

ఇప్పుడు మా పొరపాటు తెలిసిందా? కుర్రాడు "పన్నెండు" అన్నది జిద్దా పన్నెండు. మేము విన్నది తగరపువలస పన్నెండు. అక్కడే రెండున్నర గంటలు పోయాయి. "అక్కడి టైమా, ఇక్కడి టైమా?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

నాలుగో మెట్టు: గడప నుంచి గడపకు

మేము చేసిన పెద్ద తప్పు ఇది. లేని విమానం ఎక్కించి కుర్రాణ్ణి నేరుగా విశాఖలో దింపేశాం. అతను హైదరాబాదు మీదుగా వచ్చాడు. మన వైపు నుంచి వెళ్లేవారికి మామూలుగా పట్టే కాలం ఇలా ఉంటుంది:

తగరపువలస నుంచి విశాఖ విమానాశ్రయానికి, సుమారు 40 కి.మీ. రోడ్డు: గంటన్నర
విశాఖ విమానాశ్రయంలో: 2 గంటలు
విశాఖ నుంచి హైదరాబాదుకు, సుమారు 510 కి.మీ.: గంటంపావు
హైదరాబాదులో దిగి, విదేశీ విమానానికి మూడు గంటల ముందే హాజరై, ఎక్కేదాకా: 4 గంటలు
హైదరాబాదు నుంచి జిద్దాకు: ఐదు ముప్పావు గంటలు
జిద్దాలో ఇమిగ్రేషన్, సామాను: గంటన్నర
మొత్తం: 16 గంటలు

ఇందులో గాలిలో గడిచేది ఏడు గంటలే. తొమ్మిది గంటలు నేల మీద పోతాయి. విమానం గంటకు 850 పోతుంది గానీ, విమానంలో పోయే మనిషి మాత్రం సగటున గంటకు 290 కి.మీ.కి మించి పోడు.

ఇంకొక వింత చూడండి. విశాఖ నుంచి జిద్దాకు దారం బిగిస్తే 4,620 కి.మీ. హైదరాబాదు మీదుగా వెళితే 510, 4,135 కలిపి 4,645. అంటే హైదరాబాదు మీదుగా వెళ్లడం వల్ల పెరిగిన దూరం ముప్పై కి.మీ. లోపే.  పెరిగిన కాలం మాత్రం గంటల్లో ఉంది. దూరం పెరగకుండానే కాలం పెరగవచ్చని దీనికంటే బాగా చూపే ఉదాహరణ మాకు దొరకలేదు.

హైదరాబాదుకే వెళ్లేవారికీ ఈ లెక్క పనికొస్తుంది. 2023 జనవరి 15న మొదలైన వందే భారత్ విశాఖ నుంచి సికింద్రాబాదుకు సుమారు 700 కి.మీ. దూరాన్ని ఎనిమిదిన్నర గంటల్లో పోతుంది. విమానానిది గంటంపావే. కానీ ఇంటి నుంచి విమానాశ్రయం, అక్కడ నిరీక్షణ, శంషాబాదు నుంచి ఊళ్లోకి ప్రయాణం కలిపితే ఆరు గంటలు అవుతుంది. ఏడు గంటల తేడా అనుకున్నది మూడు, నాలుగు గంటలకు దిగుతుంది. ఆ తేడాకు ఎంత డబ్బు పెట్టవచ్చో ఎవరి అవసరాన్నిబట్టి వారు చూసుకోవాలి.

ఈ లెక్కలు ఎప్పటికీ ఒకేలా ఉండవు. 1995 దాకా బొంబాయి నుంచి హాజీలను తీసుకెళ్లే ఓడలుండేవి. ఆ ప్రయాణాన్ని గంటల్లో కాదు, రోజుల్లో లెక్కపెట్టేవారు. 2023లో మన రాష్ట్రంలోని గన్నవరం నుంచి తొలిసారి హజ్ విమానాలు వెళ్లాయి. అదే ఏడాది మే 3న భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. ఇప్పటి విశాఖ విమానాశ్రయం నౌకాదళం స్థలంలో ఉంది, మనం నగరమంతా దాటి పోవాలి. భోగాపురం మన ఊరికి ఇవతలి దిక్కున, అదే జాతీయ రహదారి మీద, ఇంకా దగ్గరలో ఉంది. పై పట్టికలో మొదటి వరుస అక్కడి నుంచి ఎక్కేవారికి చిన్నదవుతుంది. నేరుగా గల్ఫ్‌కు విమానం ఉన్న రోజున నాలుగో వరుసే ఉండదు.

ఒక్కోసారి దూరం అంతే ఉండి దారే మూతపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ విమానాశ్రయం పైకప్పు ఎగరగొట్టింది. కొన్ని రోజులు విమానమే లేదు. సులైమాన్ ప్రవక్తకు సబా దేశం కబురు మోసుకొచ్చిన పక్షి పేరు హుద్‌హుద్. ఒమన్ దేశం ఆ తుఫానుకు ఆ పేరు ఇచ్చింది. ఆ వారం గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు ఇంటి కబురే అందలేదు.

చివరి మెట్టు: బయలుదేరక ముందు కాలం

కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇప్పుడు వరుసగా రాయవచ్చు. మనకు ఫజర్ అయినప్పుడు అక్కడ రాత్రి రెండున్నర. కబురు విన్న వెంటనే మనిషి కదలలేడు. తిరిగి రావడానికి అనుమతి కాగితం తీసుకోవాలి, టికెట్టుకు డబ్బు సర్దుకోవాలి. అతను మధ్యాహ్నం పన్నెండుకే ఎక్కగలిగాడంటే చాలా చురుకుగా కదిలినట్టు. అది మన రెండున్నర. ఐదు గంటల ప్రయాణం, ఏడున్నరకు హైదరాబాదు. ఇమిగ్రేషన్ దాటి 9.45 విమానం ఎక్కి 11.00కు విశాఖ. రోడ్డున వచ్చి 12.30కు ఇల్లు. ఎక్కడా ఎవరూ ఆలస్యం చేయలేదు. ఆలస్యమన్నది మా లెక్కలోనే ఉంది. ముందే "అర్ధరాత్రి దాటుతుంది" అని చెప్పి ఉంటే, పెద్దలు జనాజాను జొహర్‌కే పెట్టేవారు. కొడుకు కూడా అక్కడే గాయబానా దువా చేసుకుని, అందుకోలేనిదాని కోసం పరుగు పెట్టకుండా నిదానంగా వచ్చేవాడు. లేదా పెద్దలు ఆలోచించి మరో నిర్ణయం తీసుకునేవారు. ఏ నిర్ణయమైనా సరైన అంకె తెలిసి తీసుకునేది. మగ్రిబ్ నుంచి ఇషా దాకా ఆ ఇంటి గుమ్మంలో అందరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవారు కాదు.

దాతలకు మా మనవి

ఈ ఏడు మేము తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత ఈ లెక్కలే చేయించాం. తండ్రులో అన్నలో గల్ఫ్‌లో ఉన్న పిల్లలు మా తరగతుల్లో ఉన్నారు. ఇంట్లో ఫోన్ వచ్చినప్పుడు "అక్కడి టైమా, ఇక్కడి టైమా?" అని అడగడం వాళ్లకు ఇప్పుడు అలవాటైంది. అల్‌హమ్దులిల్లాహ్.

మూడు చిన్న పనులకు మీ సాయం కోరుతున్నాం. మొదటిది, మన సొసైటీ సాయం పొందే ప్రతి బడికీ ఒక మంచి గ్లోబు. దారం మేము తెచ్చుకుంటాం. రెండోది, జిద్దా, రియాద్, దుబాయి, కువైట్, దోహాల నుంచి మన ఊరికి గడప నుంచి గడపకు పట్టే కాలం రాసిన బోర్డు మసీదు వరండాలో. అంకెలు ఆరు నెలలకోసారి పిల్లలే సరిచూసి మారుస్తారు. మూడోది, కష్టకాలంలో ఇలాంటి లెక్క కట్టి చెప్పి, అవసరమైతే టికెట్టుకు చేబదులు ఇప్పించే ఒక మనిషి పేరు సొసైటీ ఆఫీసులో ఉండాలి. ఆ పనికి మా పేరు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఒకసారి తప్పినవాళ్లం కాబట్టి రెండోసారి జాగ్రత్తగా కడతాం.

పిల్లల నోటు పుస్తకాల్లో ఈ పాఠం చివర నాలుగు ప్రశ్నలు రాయించాం. మీరూ రాసి పెట్టుకోండి. ఏ ఊరి గడియారం? ఏ ఊరి మీదుగా? ఎక్కేముందు ఎంతసేపు? దిగాక ఎంతసేపు? ఈ నాలుగింటికీ జవాబు తెలిశాకే కి.మీ.లను వేగంతో భాగించాలి.

దూరాన ఉన్న మన పిల్లలందరినీ అల్లాహ్ క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక. ఆమీన్.